ఆకాశంలో మూర: అస్సూఫీ ‘చిన్న మేఘం’ మొదలు నేటి ఛాయాచిత్రాల వరకు

నీహారికల రంగుల చిత్రాలు నేడు ఇంటింటికీ చేరాయి. పాఠ్యపుస్తకాల అట్టల మీద, గోడ క్యాలెండర్ల మీద, చేతి ఫోన్లలో వాటిని చూడనివారు ఉండరేమో. అయితే ఆ చిత్రంలోని వస్తువు ఆకాశంలో ఎంత చోటు ఆక్రమిస్తుందని అడిగితే సమాధానం చెప్పగలవారు బహు అరుదు. దూరదర్శిని లేనిదే కనబడదు గనుక అది సూదిమొనంత ఉంటుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. దేవయాని అని మనవారు, ఆండ్రోమెడా అని పాశ్చాత్యులు పిలిచే నక్షత్రమండలంలో ఒక మహా గెలాక్సీ గలదు. 19వ శతాబ్దమంతా దానిని నీహారిక అనే పిలిచారు. అది మన ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల పొడవున పరచుకొని ఉన్నది. ఆరు పున్నమి చంద్రబింబాలను వరుసగా పేర్చితే ఎంత పొడవో అంత. ఓరియన్ మండలంలోని పెద్ద నీహారిక రెండు చంద్రబింబాల వెడల్పు. హంస మండలంలో ఉత్తర అమెరికా నీహారిక అని పేరుపడినది నాలుగు బింబాలంత. ఇవి మన కంటికి పూర్తిగా ఆనకపోవడానికి కారణం వాటి మసకతనమే.

చిన్నతనం వేరు, మసకతనం వేరు. మసకతనాన్ని ఛాయాచిత్రం జయించింది. పరిమాణం విషయంలో మాత్రం అది కొత్త గందరగోళాన్ని తెచ్చిపెట్టింది. వీణా మండలంలో వలయ నీహారిక ఒకటున్నది. దాని వెడల్పు డిగ్రీలో 40వ వంతు కూడా లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ దానికి వంద రెట్లకు మించి పొడవైనది. కాని పుస్తకంలో ఇదొక పేజీ, అదొక పేజీ. చూసేవాని మనస్సులో రెండూ సమానమైపోతాయి. కొలత లేని చిత్రం అబద్ధం చెప్పకపోయినా నిజం కూడా చెప్పదు.

ఆకాశంలోని ఒక మసక మరకను గూర్చి ‘ఇది ఎక్కడ, ఎంత’ అని అడిగి, ఆ సమాధానాన్ని చూడనివారికి అందజేయడానికి చేసిన ప్రయత్నాలకు పెద్ద చరిత్ర ఉన్నది. అందులో రెండు ముఖ్యమైన అధ్యాయాలు అరబీ భాషలో వ్రాయబడ్డాయి. ఆ రెండింటికి సంబంధించిన గ్రంథాలూ మన హైదరాబాదులోనే అచ్చయ్యాయన్న సంగతి మనలో ఎక్కువమందికి తెలియదు.

మొదటిది అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ గారిది. ఆయన హిజ్రీ 291, అనగా క్రీ.శ. 903లో రయ్ నగరంలో జన్మించారు. హిజ్రీ 376, క్రీ.శ. 986లో మరణించారు. బువైహీ పాలకుడైన అజ్దుద్దౌలా ఆయనకు పోషకుడు మాత్రమే కాడు, శిష్యుడు కూడా. స్థిర నక్షత్రాల విద్యను తాను అస్సూఫీ వద్ద నేర్చుకొన్నానని ఆ పాలకుడు గర్వంగా చెప్పుకొనేవాడట. అస్సూఫీ సుమారు క్రీ.శ. 964లో ‘సువరుల్ కవాకిబ్’ అనే గ్రంథాన్ని రచించారు. అంతకు ఎనిమిది శతాబ్దాల పూర్వం అలెగ్జాండ్రియాలో టాలెమీ తయారుచేసిన వెయ్యికి పైబడిన నక్షత్రాల పట్టికను తీసుకొని, ఒక్కొక్క నక్షత్రాన్నీ స్వయంగా చూసి, దాని వెలుగు టాలెమీ చెప్పినట్లే ఉన్నదా లేదా అని పరీక్షించారు. స్థానాలకు మాత్రం టాలెమీ రేఖాంశాలకే 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి తన కాలానికి సరిచేసుకొన్నారు. ఈ పద్ధతిని గూర్చి ఆధునికులు కొందరు పెదవి విరిచారు. ఆయన శ్రమ వెలుగుల పరీక్షలో ఉన్నదని, స్థానాలను కొత్తగా కొలవడంలో లేదని ఒప్పుకొంటే విషయం సరిపోతుంది.

ఆ గ్రంథంలో ఆండ్రోమెడా మండలాన్ని వర్ణించే చోట ఆయన ఒక విశేషం చెప్పారు. అరబ్బులు ఆ ప్రాంతంలో ఒక పెద్ద చేప రూపాన్ని ఊహించుకొనేవారు. ఆ చేపను చుట్టుకొని పోయే చుక్కల వరుసలు ఒక మేఘపు మరక దగ్గర మొదలవుతాయనీ, ఆ మరక ఆండ్రోమెడాలోని 14వ నక్షత్రానికి సమీపంలో ఉన్నదనీ ఆయన వ్రాశారు. చిత్రంలో చేప నోటి వద్ద చిన్న చుక్కలుగా ఆ మరకను గుర్తించారు. ఆయన వాడిన మాట ‘లత్ఖా సహాబియ్యా’. సహాబ్ అంటే మబ్బు, లత్ఖా అంటే మరక. ఆండ్రోమెడా గెలాక్సీని గూర్చి మనకు లభించే మొదటి లిఖిత ప్రస్తావన ఇదేనని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అస్సూఫీ గెలాక్సీని కనుగొన్నారని, యూరప్ వారికంటె ఆరు వందల సంవత్సరాల ముందే ఈ ఘనత మనదని సభల్లోను, పత్రికల్లోను ఉత్సాహంగా చెప్పుకోవడం ఉన్నది. గ్రంథకర్త స్వయంగా అటువంటి దావా ఏదీ చేయలేదు. ఆ మరకను చేప రూపంతో ముడిపెట్టి చెప్పిన తీరును బట్టి చూస్తే, ఎడారిలో తిరిగే అరబ్బులకు అది అప్పటికే పరిచితమై ఉండవచ్చు. అది గెలాక్సీ అన్న భావన ఆ కాలంలో ఎవరికీ లేదు, ఉండే అవకాశమూ లేదు. లేని ఘనతను తగిలిస్తే ఉన్న ఘనత మరుగున పడుతుంది. ఉన్న ఘనత ఏమంటే, చూసిన మరకను మరొకడు వెదికి పట్టుకొనే విధంగా వ్రాసిపెట్టడం. ఏ మండలం, ఎన్నవ నక్షత్రం, దాని ప్రక్కన అన్నంత ఖచ్చితంగా చెప్పబట్టే వెయ్యి సంవత్సరాల తరువాత కూడా మనం ఆ గ్రంథం పట్టుకొని ఆకాశంలో అదే చోటికి చేరుకోగలుగుతున్నాము.

ఆయన కొలతలు మన భాషకు ఎంత దగ్గరో గమనించదగినది. నక్షత్రాల మధ్య ఎడాన్ని ఆయన ‘జిరా’తోను, దానికంటె చిన్నదైన ‘షిబ్ర్’తోను చెప్పారు. జిరా అంటే మూర, షిబ్ర్ అంటే జాన. ఆకాశంలో జిరా అంటే 2 డిగ్రీల 20 నిమిషాలు. చేయి చాచి బొటనవేలిని నిలబెడితే దాని వెడల్పు సుమారుగా అంత ఉంటుంది. ఆకాశాన్ని మూరలతో కొలవడం మనకు వింతగా తోచనక్కర లేదు. మన పల్లెల్లో ‘బారెడు పొద్దెక్కింది’ అంటారు. ఇష్రాక్ నమాజు వేళను చెప్పేటప్పుడు సూర్యుడు నేజా ఎత్తు పైకి వచ్చిన తరువాత అని పెద్దలు నేర్పుతారు. అస్సూఫీ చేసింది ఈ అలవాటును డిగ్రీలకు ముడివేసి స్థిరమైన కొలతగా వాడుకోవడం. మనిషి శరీరాన్నే కొలబద్దగా తీసుకొన్నందువల్ల ఆ గ్రంథం చేతబట్టుకొన్న ఎవరికైనా ఆకాశంలో దారి దొరుకుతుంది.

మరొక జాగ్రత్త కూడా ఆయన తీసుకొన్నారు. ప్రతి మండలానికీ రెండేసి చిత్రాలు ఇచ్చారు. ఒకటి భూమి మీద నిలబడి పైకి చూస్తే కనిపించే రూపం. రెండవది లోహపు ఖగోళం మీద చెక్కినప్పుడు బయటనుండి కనిపించే రూపం. ఈ రెండూ అద్దంలో ప్రతిబింబాల వలె కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. ఏది ఎక్కడనుండి చూసిన రూపమో చెప్పకపోతే చదువరి మోసపోతాడని ఆయనకు తెలుసు. ఈ గ్రంథపు ప్రాచీన ప్రతి ఒకటి, హిజ్రీ 400 నాటిదిగా తేదీ గలది, ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. అది అస్సూఫీ కుమారుని చేతివ్రాత అని చాలాకాలం నమ్మారు. ఇటీవలి పండితులు కొందరు ఆ విషయంలో సందేహాలు వెలిబుచ్చారు. 1874లో షెల్లెరుప్ అనే విద్వాంసుడు గ్రంథాన్ని ఫ్రెంచిలోనికి అనువదించి సెయింట్ పీటర్స్‌బర్గులో ప్రచురించాడు. అరబీ మూలాన్ని 1954లో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా అచ్చువేసింది.

రెండవ అధ్యాయం ఇబ్నుల్ హైసమ్ గారిది. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి కైరోలో స్థిరపడిన ఈ మహనీయుడు 11వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ‘కితాబుల్ మనాజిర్’ అనే దృష్టిశాస్త్ర గ్రంథాన్ని వ్రాశారు. దానికి కమాలుద్దీన్ అల్ ఫారిసీ వ్రాసిన ‘తన్ఖీహుల్ మనాజిర్’ను దాయిరా వారే 1928-30 మధ్య రెండు సంపుటాలుగా వెలువరించారు. ఈయన నీహారికలను గూర్చి ప్రత్యేకంగా చర్చించలేదు. కాని వస్తువు ఎంత పెద్దదో కంటికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం మన విషయానికి మూలస్తంభం వంటిది.

కంటి వద్ద వస్తువు చేసే కోణం ఒక్కటే దాని పరిమాణాన్ని చెప్పజాలదు, దానితోపాటు దూరం కూడా తెలియాలి అన్నది ఆయన సిద్ధాంతం. మరి దూరం ఎలా తెలుస్తుంది? మనకూ వస్తువుకూ నడుమ వరుసగా ఉండే నేల, చెట్లు, గోడలు మొదలైన పరిచిత వస్తువుల వలన తెలుస్తుంది. నడుమ ఏమీ లేనిచోట కన్ను ఊహ మీద ఆధారపడుతుంది. ఆయన మేఘాలనే ఉదాహరణగా తీసుకొన్నారు. మైదాన ప్రాంతంలో నివసించేవాడు మేఘాలు ఎంతో ఎత్తున ఉన్నాయని భావిస్తాడు. కొండల నడుమ నివసించేవాడు శిఖరాలు మేఘాలను చీల్చుకొని పైకి రావడం చూస్తాడు గనుక అవి దగ్గరలోనే ఉన్నాయని గ్రహిస్తాడు. మేఘం అదే, ప్రక్కన శిఖరం ఉండడమూ లేకపోవడమే తేడా.

ఉదయించే చంద్రుడు పెద్దదిగా, నడినెత్తిన చంద్రుడు చిన్నదిగా కనిపించడం కూడా ఇటువంటిదేనని, అది మనస్సు చేసే పొరపాటు అని ఆయన వివరించారు. దీనిని పాఠకులు స్వయంగా పరీక్షించవచ్చు. చంద్రుడు ఎంత ఉంటాడని ఎవరినైనా అడగండి. ఒకరు పళ్ళెమంత అంటారు, మరొకరు రొట్టె అంత అంటారు. ఎంత దూరంలో పెట్టిన పళ్ళెం అని అడిగితే జవాబు ఉండదు. తరువాత చేయి చాచి చిటికెన వేలిని చంద్రునికి అడ్డంగా పెట్టి చూడమనండి. చంద్రుడు మొత్తం మరుగై ఇంకా వేలి వెడల్పు మిగులుతుంది. చంద్రబింబం అర డిగ్రీ మాత్రమే. వేలు దాదాపు ఒక డిగ్రీ. ఈ పరీక్ష చేసిన ప్రతివారూ ఆశ్చర్యపోవడం కద్దు. నీహారికల పరిమాణాన్ని ‘ఇన్ని చంద్రులంత’ అని చెప్పేవారు ఇది మరువరాదు. మన ఊహలోని చంద్రుడే అసలు చంద్రునికంటె పెద్దవాడు.

ఇక యూరప్ విషయానికి వద్దాము. 1612లో జర్మనీకి చెందిన సైమన్ మారియస్ తొలిసారిగా దూరదర్శినితో ఆండ్రోమెడా మరకను చూసి వర్ణించాడు. 1764లో ఫ్రాన్సులో మెస్సియే తన పట్టికలో దానిని 31వదిగా చేర్చాడు. నేటికీ ఖగోళశాస్త్రజ్ఞులు ఎం 31 అని పిలవడం అందువల్లనే. దూరదర్శినులు ఎంత పెరిగినా ఒక ఇబ్బంది మాత్రం తొలగలేదు. పరచుకొని ఉన్న మసక వస్తువును దూరదర్శిని పెద్దది చేయగలదు గాని, దాని ఉపరితలాన్ని కంటికి కనిపించేదానికంటె ఎక్కువ ప్రకాశవంతం చేయలేదు. పైగా కన్ను తాను గ్రహించిన వెలుతురును క్షణకాలం కంటె ఎక్కువ కూడబెట్టజాలదు. కనుక చూసినవారు ఎంతటివారైనా కేంద్రభాగంలోని మరకనే వర్ణించారు. అంచులు ఎక్కడ ముగుస్తాయో ఎవరికీ తెలియలేదు.

ఆ పని ఛాయాచిత్రం చేసింది. ఇందులో వృత్తి జ్యోతిర్విదులకంటె అభిలాషతో రంగంలో దిగినవారే ముందున్నారు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ వైద్యుడు ఓరియన్ నీహారికను 51 నిమిషాల సేపు పలకపై పట్టి తొలి ఛాయాచిత్రం తీశాడు. 1883లో లండన్ శివారున తన ఇంటి తోటలో ఆండ్రూ కామన్ అనే ఇంజనీరు అదే నీహారికను ఇంకా స్పష్టంగా తీశాడు. కంటికి ఎన్నడూ కనిపించని నక్షత్రాలు ఆయన పలక మీద కనిపించాయి. 1888 డిసెంబరు 29న ఐజాక్ రాబర్ట్స్ అనే కట్టడాల కాంట్రాక్టరు, లివర్‌పూల్ సమీపంలోని తన వేధశాలలో 20 అంగుళాల దర్పణంతో ఆండ్రోమెడాను గంటల తరబడి పలకపై పట్టాడు. అందులో సుడులు తిరిగే చేతులు బయటపడ్డాయి. మన దాయిరతుల్ మఆరిఫ్ స్థాపితమైన సంవత్సరం కూడా 1888. ఇది కాకతాళీయమే గాని చెప్పుకోదగినది.

రాబర్ట్స్ ఆ చిత్రాన్ని ఎలా అర్థం చేసుకొన్నాడో చూడండి. వాయువు చిక్కబడి కొత్త సూర్యుడు, గ్రహాలు ఏర్పడుతున్న దృశ్యంగా అతడు భావించాడు. ఇబ్నుల్ హైసమ్ మాట ఇక్కడ అక్షరాలా నిజమైనది. కోణం చేతికి వచ్చింది, దూరం తెలియలేదు. నడుమ శిఖరం లేదు. దానితో కోట్లకొలది సూర్యులున్న మహా ప్రపంచం ఒక్క సూర్యుని పుట్టుకగా తోచింది. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ పర్వతం మీది 100 అంగుళాల దూరదర్శినితో అందులో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని గుర్తించి, దాని సాయంతో దూరాన్ని లెక్కగట్టాడు. అతని మొదటి లెక్క సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. 1952లో వాల్టర్ బాడే ఆ లెక్కను రెట్టింపు చేయవలసి ఉన్నదని చూపాడు. ఇప్పుడు అంగీకృతమైనది దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాలు. అస్సూఫీ చోటు చెప్పారు, రాబర్ట్స్ పలక కోణం చెప్పింది, హబుల్ దూరం చెప్పాడు. ‘ఎంత’ అన్న ప్రశ్నకు పూర్తి సమాధానం రావడానికి వెయ్యేళ్ళకు కొద్దిగా తక్కువ కాలం పట్టింది.

ఈ కథలో హైదరాబాదుకు గ్రంథముద్రణతోపాటు మరొక భాగం కూడా ఉన్నది. పారిస్ వేధశాలలో పాల్, ప్రాస్పర్ హెన్రీ అనే అన్నదమ్ములు 1885లో కృత్తికల ఛాయాచిత్రం తీయగా, మాయియా అనే నక్షత్రం చుట్టూ కంటికి కనబడని నీహారిక ఒకటి బయటపడింది. ఆ విజయం ఇచ్చిన ఉత్సాహంతో 1887లో పారిస్‌లో సమావేశం జరిగి, ఆకాశమంతటినీ పలకల మీదికి ఎక్కించే పథకం తయారైనది. లోకంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొన్నాయి. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ దక్కింది. నవాబు మరణానంతరం 1908లో వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైనది. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల వరకు గల పట్టీని కూడా హైదరాబాదుకే అప్పగించారు. ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్తరాన 41 డిగ్రీల వద్ద ఉన్నది. మన పట్టీకి కొద్దిలో తప్పిపోయిందన్నమాట.

ఆ పలకల నిర్మాణం గమనించదగినది. ఆ పథకానికంతటికీ ఒకే కొలత: పలక మీద 1 మిల్లీమీటరు అంటే ఆకాశంలో డిగ్రీలో 60వ వంతు. నక్షత్రాల చిత్రంతోపాటు 5 మిల్లీమీటర్ల గళ్ళ చట్రాన్ని కూడా ఆ పలక మీదనే ముద్రించేవారు. అనగా చిత్రమూ కొలబద్దా ఒకే గాజు మీద కలసి ఉండేవి. చంద్రుణ్ణి అందులో పట్టితే 31 మిల్లీమీటర్ల బింబం వచ్చేది. ఆండ్రోమెడా 180 మిల్లీమీటర్లు సాగి, రెండు డిగ్రీల చదరపు పలకలో పట్టకుండా పోయేది. బేగంపేటలో సంవత్సరాల తరబడి సిబ్బంది ఆ గళ్ళ నడుమ నక్షత్రాలను లెక్కించి లక్షల కొలది స్థానాలను పట్టికల కెక్కించారు. విసుగు పుట్టించే పని; దాని విలువ కూడా అందులోనే ఉన్నది.

నేడు అభిరుచితో ఆకాశ చిత్రాలు తీసేవారి చేతికి గాజు పలకల బదులు ఎలెక్ట్రానిక్ కెమెరాలు వచ్చాయి. కొద్ది నిమిషాల చొప్పున వందలాది చిత్రాలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి కలిపి మసక వెలుగును పైకి తెస్తారు. ఈ పనికి పెద్ద దూరదర్శిని కావాలని కొత్తవారు అనుకుంటారు గాని, పెద్ద నీహారికలకు అది పనికిరాదు. 200 మిల్లీమీటర్ల మామూలు లెన్సుతో పెద్ద సెన్సారు గల కెమెరా 10 డిగ్రీల ఆకాశాన్ని పట్టగలదు. ఆండ్రోమెడా అందులో మూడవ వంతు పొడవున హాయిగా ఇమిడిపోతుంది. హబుల్ అంతరిక్ష దూరదర్శినికి చూపు సన్నం గనుక, అదే గెలాక్సీని పూర్తిగా చూపడానికి 600కు పైగా చిత్రాలు అతకవలసి వచ్చింది. పదేళ్ళ పైచిలుకు కృషితో తయారైన ఆ చిత్రం 2025 జనవరిలో వెలువడింది. దాని సూక్ష్మత దానిదే. ఆకాశంలో గెలాక్సీ ఎంత ఉంటుందో చెప్పడానికి మాత్రం చిన్న లెన్సే నయం. అమెరికాలో బార్నర్డు అనే జ్యోతిర్విదుడు ఈ సంగతిని 19వ శతాబ్ది చివరలోనే గ్రహించి, మనుషుల బొమ్మలు తీసే లెన్సుతో పాలపుంతను ఫొటోలు తీశాడు. బాల్యంలో ఫొటో స్టూడియోలో పనిచేసిన అనుభవం అతనికి అక్కరకు వచ్చింది.

పరిమాణం చూపడానికి నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఉపాయం నీహారిక ప్రక్కన చంద్రుణ్ణి ఉంచడం. ఆండ్రోమెడా పక్కన చంద్రుడున్న చిత్రాన్ని పాఠకులు చూసే ఉంటారు. అది ఒక్క మీట నొక్కితే వచ్చే చిత్రం కాదు. చంద్రునికి సెకనులో వందవ వంతు చాలు, గెలాక్సీకి గంటలు కావాలి. విడివిడిగా తీసి ఒకే కొలతకు తెచ్చి కలుపుతారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ దృశ్యం ఆకాశంలో ఎన్నడూ కనిపించదన్నది కూడా చెప్పాలి. చంద్రుడు ఉత్తరాన ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు దాటి పోలేడు. ఆండ్రోమెడా 41 డిగ్రీల వద్ద ఉన్నది. ఇద్దరికీ భేటీ లేదు. ఈ మాట చిత్రం క్రింద వ్రాయనివారు, ఇంకా ఘోరంగా చంద్రుణ్ణి ఇష్టం వచ్చినట్లు కుదించి పెట్టేవారు లేకపోలేదు. హదీసుకు సనదు ఎటువంటిదో ఇటువంటి చిత్రానికి దాని క్రింది మాటలు అటువంటివి. ఏ లెన్సు, ఎంత సేపు, ఎంత వెడల్పు ఆకాశం, ఏది కలిపారు అన్నది లేని చిత్రం కంటికి ఇంపుగా ఉండవచ్చు, సాక్ష్యానికి పనికిరాదు. అస్సూఫీ ప్రతి బొమ్మకూ ఇది ఆకాశంలో రూపమా, గోళం మీది రూపమా అని చెప్పిన జాగ్రత్త ఇందుకే గుర్తు చేయవలసి వచ్చింది.

అతుకు లేని నిజమైన పోలిక కావాలంటే సురయ్యా వైపు చూడాలి. మన ఆడపిల్లలకు పెట్టుకొనే ఈ పేరు కృత్తికలదే. పల్లెవాసులు పిల్లలకోడి అంటారు. చంద్రుని దారి ఆ చుక్కలకు దగ్గరగా పోతుంది. కొన్ని సంవత్సరాల పాటు నెలనెలా వాటి మీదుగా కూడా పోతుంది. 2023లో మొదలైన అటువంటి వరుస 2029 వరకు సాగుతుంది. చంద్రుడు ఆ గుంపును అంతటినీ కప్పివేస్తాడని అందరూ అనుకుంటారు. తీరా చూస్తే ప్రధానమైన చుక్కలు ఒక చివర నుండి మరొక చివరకు ఒక డిగ్రీ ఉన్నాయి. రెండు చంద్రబింబాలు పక్కపక్కన పట్టేంత చోటు. ఆ చుక్కల చుట్టూ హెన్రీ సోదరులు పట్టిన నీహారిక పరచుకొని ఉన్నదన్నది గుర్తు తెచ్చుకొంటే, దాని పరిమాణం ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా మనస్సుకు ఎక్కుతుంది.

అభిలాషులు చేసేది కేవలం వినోదం కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలును. యాన్ సెంతీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్ అనే ముగ్గురు ఔత్సాహికులు ఆండ్రోమెడాను ఆక్సిజన్ వెలుగును మాత్రమే పోనిచ్చే వడపోతతో గంటల తరబడి చిత్రించగా, గెలాక్సీకి ప్రక్కనే ఒకటిన్నర డిగ్రీల పొడవు గల ఆకుపచ్చ నీలి రంగు చాపం బయటపడింది. 2023 జనవరిలో దీనిని ప్రకటించారు. లోకంలో అత్యధికంగా ఫొటోలు తీయబడిన గెలాక్సీ ప్రక్కన మూడు చంద్రబింబాలంత వస్తువు అంతవరకు ఎవరి కంటా పడలేదు. అది ఎంత దూరాన ఉన్నది? ఆండ్రోమెడా వద్దనా, మన పాలపుంతలోనా? దీని మీద వాదాలు సాగాయి. అది మన పాలపుంతలోని వస్తువేనని 2025లో ఒక పరిశోధన వాదించింది. కోణం తెలిసి దూరం తెలియకపోతే వచ్చే చిక్కు రాబర్ట్స్‌తో ముగియలేదు.

నవంబరు ద్వితీయార్ధంలో, చంద్రుడు లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా పోయి 8, 9 గంటల మధ్య ఉత్తరానికి ముఖం పెట్టి నిలబడితే తెలుగునాట ఎవరైనా అస్సూఫీ చూసిన మరకను చూడవచ్చు. హైదరాబాదు నుండి అది నడినెత్తికి ఉత్తరంగా రెండున్నర పిడికిళ్ళ దిగువన ఉంటుంది. ముందుగా మిరాక్ అనే ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పట్టుకోవాలి. ఈ పేరు నడుముకు చుట్టే వస్త్రమని అర్థమిచ్చే అరబీ పదం ‘మిఅజర్’ నుండి చెదిరి వచ్చినది. అక్కడినుండి ఉత్తరం వైపు వరుసగా రెండు మసక చుక్కలున్నాయి. రెండవది అస్సూఫీ చెప్పిన 14వ నక్షత్రం. దానికి పడమరగా అర జిరాకు కొంచెం ఎక్కువ ఎడంలో, బొటనవేలి వెడల్పు నిండకముందే, ఆ మరక కనిపిస్తుంది. నేరుగా కాక ఓరకంట చూస్తే ఇంకా బాగా ఆనుతుంది. అప్పుడు చేయి చాచి బొటనవేలు దాని మీద పెట్టండి. వేలు మరకను పూర్తిగా కప్పివేస్తుంది. కాని కంటికి అందని గెలాక్సీ ఆ వేలికి ఇరుప్రక్కలా ఇంకా బయటికి చాచుకొనే ఉంటుంది.